యులిసిస్ కొలతలతో సూర్యుని ఉన్నత అక్షాంశాలను అధ్యయనం చేయడం ఎలా?

భూమి కక్ష్యా తలానికీ సూర్యుని మధ్యరేఖా తలానికీ మధ్య కోణం 7.25 డిగ్రీలు మాత్రమే. అందువల్ల భూమి దగ్గర తిరిగే నౌకలు ఎన్నేళ్లు కొలిచినా ఆ ఇరుకైన పట్టీని దాటలేవు. ఆ హద్దు దాటి సూర్యుని ధ్రువ ప్రాంతాల మీదుగా ప్రయాణించి, సౌర పవనాన్నీ (సూర్యుని నుంచి నిరంతరం వెలువడే ఆవేశిత కణాల ప్రవాహం) విశ్వకిరణాలనూ (సౌర కుటుంబం బయటి నుంచి వచ్చే అధిక శక్తి కణాలు) అక్కడే కొలిచిన నౌక ఇప్పటికీ యులిసిస్ ఒక్కటే. యూరోపియన్ అంతరిక్ష సంస్థ, నాసా కలిసి 1990 అక్టోబరు 6న డిస్కవరీ షటిల్ ద్వారా పంపిన ఈ నౌక, 1992 ఫిబ్రవరిలో బృహస్పతి గురుత్వాకర్షణ సాయంతో గ్రహాల తలం నుంచి బయటపడి, సూర్యుని మధ్యరేఖకు 80 డిగ్రీల వాలు గల కక్ష్యలో 2009 జూన్ 30 వరకు పనిచేసింది. దాని దత్తాంశం యూరోపియన్ సంస్థ భాండాగారంలోనూ నాసా నిర్వహించే సీడీఏవెబ్ అనే వెబ్‌సైట్‌లోనూ ఎవరికైనా ఉచితంగా లభిస్తుంది. దించుకోవడం సులువే, చదవడంలోనే చిక్కుంది.

ఆ చిక్కు ఏమిటంటే, నౌక ఒక్కటే కావడం వల్ల అక్షాంశం మారిన ప్రతిసారీ సూర్యుని నుంచి దూరం కూడా మారుతుంది, కాలమూ గడుస్తుంది, ఆ కాలంతో పాటు సూర్యుని కార్యకలాపం కూడా మారిపోతుంది. కనుక ఏ కొలతనైనా గీయడానికి ముందు నౌక మార్గాన్నే గీయండి: తేదీకి ఎదురుగా దూరం, అక్షాంశం రెండూ ఒకే పటంలో కనబడాలి. కక్ష్యలో సూర్యునికి అతి దగ్గరి బిందువు 1.34 ఖగోళ ప్రమాణాలు (ఒక ప్రమాణం అంటే భూమికీ సూర్యునికీ మధ్య సగటు దూరం), అతి దూరపు బిందువు 5.4. అత్యధిక దక్షిణ అక్షాంశాన్ని నౌక 1994 సెప్టెంబరులోనూ, అత్యధిక ఉత్తర అక్షాంశాన్ని 1995 జూలై చివరనూ చేరింది. ధ్రువం నుంచి ధ్రువానికి పదకొండు నెలల లోపే సాగిన ఈ దాటు అధ్యయనం మొదలుపెట్టడానికి అన్నింటికన్నా అనువైనది. ఆ వ్యవధిలో సూర్యుడు ప్రశాంతంగా ఉన్నాడు, దూరం కూడా 1.3, 2.3 ప్రమాణాల మధ్యనే ఉంది.

సౌర పవనం విషయంలో దూరపు ప్రభావాన్ని తీసివేయడం కష్టం కాదు. వేగాన్ని ఉన్నదున్నట్టే ఉంచవచ్చు. సాంద్రతను మాత్రం ఖగోళ ప్రమాణాలలోని దూరపు వర్గంతో గుణించి, భూమి దూరానికి సమానమైన విలువగా మార్చాలి. ఉదాహరణకు 2 ప్రమాణాల దగ్గర ఘన సెంటీమీటరుకు 0.7 ప్రోటాన్లు కనబడితే, సవరించిన విలువ 2.8 అవుతుంది. అయస్కాంత క్షేత్రంలో సూర్యుని నుంచి నేరుగా బయటకు పోయే అంశానికీ ఇదే సవరణ వర్తిస్తుంది. అలా సవరించి చూస్తే ఈ అంశం అక్షాంశంతో దాదాపుగా మారదని తేలుతుంది. ధ్రువాల దగ్గర క్షేత్రం చాలా బలంగా ఉంటుందన్న ముందటి ఊహను కొట్టివేసిన ఫలితమిది. ఉష్ణోగ్రత దగ్గర కొంచెం ఆగాలి. ప్లాస్మా పరికరమైన స్వూప్స్ దత్తాంశంలో ప్రోటాన్లకు రెండు వేర్వేరు ఉష్ణోగ్రత అంచనాలు ఉంటాయి. వాస్తవ విలువ సాధారణంగా వాటి మధ్య ఉంటుంది కనుక, ఏది వాడారో చెప్పకుండా పటం గీస్తే దానిని ఎవరూ సరిచూడలేరు.

1994–95 దాటులో వేగాన్ని అక్షాంశానికి ఎదురుగా గీస్తే చిత్రం స్పష్టంగా వస్తుంది. మధ్యరేఖకు అటూ ఇటూ సుమారు 20 డిగ్రీల పట్టీలో సెకనుకు 400 కిలోమీటర్ల నెమ్మది గాలి (అంటే సౌర పవనం), వేగపు గాలి కలగలిసి ఉంటాయి. ఆ పట్టీ దాటాక సెకనుకు సుమారు 750 కిలోమీటర్ల వేగంతో, తక్కువ సాంద్రతతో నిలకడగా వీచే గాలి తప్ప మరొకటి కనబడదు. అది ధ్రువాలను కప్పిన కరోనా రంధ్రాల నుంచి, అంటే సూర్యుని బయటి వాతావరణమైన కరోనాలో అయస్కాంత రేఖలు బయటికి తెరుచుకున్న చోట్ల నుంచి వచ్చే గాలి. గాలి ఎక్కడ పుట్టిందో నిర్ధారించడానికి వేగం ఒక్కదానినే నమ్మకూడదు, ఎందుకంటే దారిలో వేగపు ప్రవాహం నెమ్మది ప్రవాహాన్ని ఢీకొన్నప్పుడు రెండింటి వేగాలూ మారిపోతాయి. దీనికి స్విక్స్ పరికరం కొలిచిన ఆక్సిజన్ అయాన్ల నిష్పత్తిని తోడు చేసుకోవాలి. ఏడు ఎలక్ట్రాన్లు కోల్పోయిన అయాన్లకూ ఆరు కోల్పోయిన వాటికీ మధ్య నిష్పత్తి కరోనాలోనే స్థిరపడి, ఆ తరువాత మారదు. కరోనా రంధ్రపు గాలిలో అది తక్కువగా ఉంటుంది.

మూలస్థానాన్ని సూర్యుని మీద గుర్తించాలంటే ప్రయాణ కాలాన్ని లెక్కలోకి తీసుకోవాలి. 2 ప్రమాణాల దూరాన్ని సెకనుకు 750 కిలోమీటర్ల గాలి దాటడానికి సుమారు నాలుగున్నర రోజులు పడుతుంది, ఈలోగా సూర్యుడు దాదాపు 66 డిగ్రీలు తిరిగిపోతాడు. ఈ భ్రమణమే అయస్కాంత రేఖలను సర్పిలంగా చుడుతుంది. భూమి దగ్గర నెమ్మది గాలిలో ఆ చుట్టుకోణం 45 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటే, 80 డిగ్రీల అక్షాంశంలో 2 ప్రమాణాల దగ్గర 11 డిగ్రీలకే పరిమితమవుతుంది. మీ లెక్క ఈ విలువలకు దగ్గరగా రాకపోతే ముందుగా కోణాల ప్రమాణాలనూ అక్షాల దిశలనూ సరిచూసుకోండి.

రెండవ, మూడవ కక్ష్యలను మొదటి దానితో నేరుగా సగటు చేయకూడదు. 2000–01లో సూర్యుడు గరిష్ఠ కార్యకలాపంలో ఉన్నందున దక్షిణ ధ్రువం దగ్గర కూడా గాలి ఎగుడుదిగుడుగానే ఉండింది. 2001 చివరలో ఉత్తరాన మాత్రం కొత్త అయస్కాంత ధ్రువత్వంతో (ఉత్తర, దక్షిణ అయస్కాంత ధ్రువాలు తారుమారై) ఏర్పడిన కరోనా రంధ్రపు వేగపు గాలి తిరిగి కనిపించింది. 2007–08 నాటికి సూర్యుడు మళ్లీ ప్రశాంతమైనా, గాలి పీడనం మొదటి కక్ష్య కంటే సుమారు 20 శాతం తగ్గింది.

విశ్వకిరణాల దగ్గరే నిజమైన ఓపిక కావాలి. ఇక్కడ కొలవవలసిన తేడాలు డిగ్రీకి ఒక శాతం కన్నా చిన్నవి, పైగా భూమి దగ్గరే వాటి తీవ్రత నెలనెలకూ మారుతుంది. కాబట్టి యులిసిస్ లెక్కలను ఒంటరిగా వాడక, అదే కాలంలో అదే శక్తి పరిధిలో భూమి దగ్గర తీసుకున్న కొలతతో భాగించాలి. మొదటి దాటుకు భూమి చుట్టూ తిరిగిన ఐఎంపీ-8 నౌక, మూడవ దాటుకు (2007–08) 2006లో ప్రయోగించిన పమేలా అనే కణ పరికరం ఇందుకు పనికివస్తాయి. ముందుగా సౌర విస్ఫోటాల నుంచి వచ్చిన కణాలున్న రోజులను తొలగించి, మిగిలిన దానిని 26 రోజుల సగటులుగా మార్చండి. సూర్యుని భ్రమణంతో వచ్చే హెచ్చుతగ్గులు అప్పుడు అణగుతాయి. తరువాత నిష్పత్తికి లాగరిథమ్ తీసుకుని, అందులో దూరంతో పెరిగే భాగాన్నీ అక్షాంశంతో మారే భాగాన్నీ ఒకేసారి సాధించండి. ధ్రువం నుంచి ధ్రువానికి సాగిన ఆ వేగపు దాటు ఒక్కటే వాడితే దూరపు భాగం సరిగా తేలదు, అందుకే 1992 నుంచి 1994 వరకు 5.4 ప్రమాణాల నుంచి లోపలికి వచ్చిన నెమ్మది ప్రయాణాన్ని కూడా చేర్చాలి.

ఇక్కడ విశ్వకిరణాల తీవ్రతకు మధ్య బిందువు సున్నా డిగ్రీల దగ్గరే ఉందని ముందే అనుకోకూడదు. 1994–95లో విశ్వకిరణాల కనిష్ఠ బిందువు మధ్యరేఖకు 7 నుంచి 10 డిగ్రీలు దక్షిణంగా ఉంది. ఆ జరుగుబాటును లెక్కలోకి తీసుకోకపోతే ఉత్తర, దక్షిణ ఫలితాలు పొసగవు.

వచ్చిన సంఖ్యకు అర్థం చెప్పేటప్పుడు సూర్యుని అయస్కాంత ధ్రువత్వాన్ని పక్కన పెట్టుకోండి. 1990ల ధ్రువత్వంలో ధనావేశ కణాలు ధ్రువాల వైపు నుంచి లోపలికి జారుతాయి కనుక ప్రోటాన్ల తీవ్రత ధ్రువాల వైపు పెరగాలి. పెరిగింది, కానీ సిద్ధాంతం ఆశించిన దానికన్నా చాలా తక్కువగా. ధ్రువాల మీది అయస్కాంత క్షేత్రంలో పెద్ద పెద్ద కదలికలుండి కణాలను చెదరగొట్టడం దీనికి ముఖ్య కారణంగా భావిస్తారు. ధ్రువత్వం తిరగబడిన మూడవ దాటులో అక్షాంశంతో వచ్చే ఆ మార్పు దాదాపు కనిపించనంత స్వల్పమైంది. ఎలక్ట్రాన్లతో పోల్చడం ఆవేశపు ప్రభావానికి మంచి పరీక్ష. అయితే కొన్ని మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లలో చాలా భాగం బృహస్పతి నుంచే వస్తాయి కనుక, ఈ పరీక్షకు అంతకన్నా బాగా ఎక్కువ శక్తి గల పట్టీలను మాత్రమే వాడాలి.

ధ్రువాల దగ్గర గాలి నిలకడగా ఉన్నప్పటికీ విశ్వకిరణాలలో 26 రోజుల లయ అక్కడివరకూ కొనసాగింది. ఇది అప్పట్లో ఎవరూ ఊహించనిది. దానిని చూడాలనుకుంటే పైన చెప్పిన సగటులను పక్కన పెట్టి, రోజువారీ విలువలతో మళ్లీ మొదలుపెట్టాలి.

ఇప్పుడు సోలార్ ఆర్బిటర్ దత్తాంశం కూడా చేరుతోంది. 2020 ఫిబ్రవరిలో బయలుదేరిన ఈ నౌక 2025లో శుక్రగ్రహపు సాయంతో 17 డిగ్రీల వాలుకు చేరింది, తరువాత 33 డిగ్రీల వరకు పెరిగేలా దాని మార్గాన్ని రూపొందించారు. ఇది యులిసిస్ కన్నా సూర్యునికి చాలా దగ్గరగా తిరుగుతుంది కాబట్టి, రెండింటినీ ఒకే పటంలో పెట్టేముందు దూరపు సవరణ రెండింటికీ ఒకే తీరున జరగాలి.