‘ఇండెమ్నిఫై’ అనే మాటను మర్చిపోకుండా నేర్చుకోవడం ఎలా?

అద్దె అగ్రిమెంట్, ఉద్యోగ ఒప్పందం, బ్యాంకు బాండు... ఇంగ్లీషులో రాసిన ఇలాంటి కాగితాల్లో ‘ఇండెమ్నిఫై’ తరచూ ఎదురవుతుంది. డిక్షనరీలో ‘నష్టపరిహారం ఇవ్వడం’ అని చూసి పేజీ తిప్పేస్తాం. అది తప్పు కాదు. కానీ సంతకం పెట్టేవాళ్లకు ఆ అర్థం ఒక్కటే చాలదు.

1. ముందు పైకి పలకండి. ‘డెమ్’ దగ్గర ఒత్తి పలకాలి. నామవాచకం ‘ఇండెమ్నిటీ’. దీని మూలం లాటిన్: ‘ఇన్’ అంటే లేని, ‘డామ్నమ్’ అంటే నష్టం. మనకు బాగా తెలిసిన ‘డ్యామేజ్’ కూడా ఆ ‘డామ్నమ్’ నుంచి వచ్చిందే. అంటే ఎదుటివారికి నష్టం లేకుండా చూడడం.

2. ఇంట్లో ఉన్న పాత క్రయ దస్తావేజు తీసి చదవండి. ముందు ముందు ఆస్తి మీద తగాదా వస్తే, మీకు కలిగే నష్టాన్ని మా సొంత ఆస్తి నుంచి భర్తీ చేస్తాం అనే అర్థంలో అమ్మినవాళ్ల మాట ఒకటి సాధారణంగా ఉంటుంది. ఇండెమ్నిటీ అంటే అదే! తెలుగులో మన పెద్దవాళ్లకు ఇది ఎప్పటినుంచో తెలిసిన విషయమే.

3. దగ్గరి మాటలతో పోల్చండి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ఇందుకు బాగా పనికొస్తుంది. 73వ సెక్షన్‌లోని ‘కాంపెన్సేషన్’ ఒప్పందం తప్పినందుకు ఇచ్చే పరిహారం. 124వ సెక్షన్‌లోని ఇండెమ్నిటీ నష్టం రాకముందే ఇచ్చే మాట. తన వల్ల గానీ, వేరే ఎవరి వల్ల గానీ నష్టం వస్తే భరిస్తానని ఒకరు ఇంకొకరికి ఇచ్చే మాట అది. 126వ సెక్షన్‌లోని ‘గ్యారంటీ’ వేరు. అందులో ముగ్గురుంటారు: అప్పిచ్చినవారు, అప్పు తీసుకున్నవారు, పూచీ ఉన్నవారు.

4. ఎవరు ఎవరికి మాట ఇస్తున్నారో చూడండి. అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, ఇక్కడ తొందరపడొద్దు. ‘ద టెనెంట్ షల్ ఇండెమ్నిఫై ద ఓనర్’ అని ఉంటే భారం అద్దెకున్నవారిది. ఆ రెండు పేర్లు అటూ ఇటూ మారితే భారం కూడా మారిపోతుంది. వాక్యంలో ముందున్న పేరు కింద గీత గీయండి. తర్వాత ‘అగైనెస్ట్’ వెతకండి, ఏ నష్టానికో దాని పక్కనే ఉంటుంది. అక్కడ ‘ఆల్ లాసెస్’ అని ఉంటే, ఎంతవరకు, ఏ కారణాలకు అని అడగండి. అడగడానికి మొహమాటపడకండి. మీ డబ్బుకు సంబంధించిన ప్రశ్న అది.

5. సొంతంగా ఒక వాక్యం రాయండి. ఉదాహరణకు, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు పోయి డూప్లికేట్ కావాలంటే బ్యాంకు ఇండెమ్నిటీ బాండు అడగొచ్చు. పాత రసీదుతో ఇంకెవరైనా వచ్చి డబ్బు అడిగితే, బ్యాంకుకు కలిగే నష్టం ఎవరు భరించాలి? ఆ జవాబును ‘ఇండెమ్నిఫై’, ‘అగైనెస్ట్’ రెండూ వచ్చేలా ఇంగ్లీషులో రాసి, వాక్యంలో ముందు మీ పేరే వచ్చిందో లేదో చూసుకోండి.