వాతావరణ మార్పుల దిగులుకు ఒక కాగితం, ఒక వేళ

భూమి వేడెక్కుతోందన్న వార్తలు చదివి దిగులు పడటం మనోబలహీనత కాదు. 2021లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రిక ప్రచురించిన అధ్యయనంలో, పది దేశాలకు చెందిన 16 నుంచి 25 ఏళ్లలోపు 10,000 మందిని ప్రశ్నించగా, 59 శాతం మంది తీవ్రంగా ఆందోళన చెందుతున్నామన్నారు. ఆ భావాలు తమ దైనందిన జీవితాన్ని దెబ్బతీస్తున్నాయని 45 శాతానికి పైగా చెప్పారు.

దిగులు ముంచుకొచ్చినప్పుడు, దానిని "భయం" అని ఒక్క మాటతో సరిపెట్టుకోకుండా, అది కోపమా, దుఃఖమా, అపరాధ భావమా, నిస్సహాయతా అని విడదీసి కాగితంపై రాసుకోండి; ఎందుకంటే దుఃఖానికి కావలసింది వినే మనిషి, కోపానికి కావలసింది ఒక పని, అపరాధ భావానికి కావలసింది కర్బన ఉద్గారాల భారమంతా ఒక్కరి భుజాల మీద లేదన్న గుర్తింపు. నిస్సహాయత మాత్రం ఒంటరిగా చేసే పొదుపు పనులతో అంతగా తగ్గదని, నలుగురితో కలిసి మొక్కలు పెంచడం, అధికారులకు వినతిపత్రం రాయడం వంటి పనులతోనే సడలుతుందని నా అభిప్రాయం.

వార్తలకు రోజులో ఒకే వేళ కేటాయించుకోండి, అది పడుకునే ముందు కాకూడదు (ఫోన్ పడకకు దూరంగా ఉంటే ఈ నియమం సగం నెరవేరినట్టే). పిల్లలు అడిగితే "ఏమీ కాదులే" అని దాటవేయకుండా, వారికి ఏమనిపిస్తోందో ముందు అడిగి, నిజాన్ని వారి వయసుకు తగినంత చెప్పండి. నిద్రలేమి, నిరాసక్తత రెండు వారాలకు మించి కొనసాగితే మానసిక వైద్యులను సంప్రదించండి.