రోజూ తిరిగే పికప్ బండికి డీజిల్ ఆదా: ఇంజన్ విప్పే ముందు చూడాల్సినవి

బొలేరో పికప్, ఇంట్రా, దోస్త్, వీ-క్రాస్... బండి ఏదైనా కానివ్వండి, మైలేజీ పడిపోయిందనగానే అందరూ ముందు ఇంజెక్టర్లనే (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే భాగాలు) అనుమానిస్తారు. అక్కడా లోపం ఉండొచ్చు. కానీ విజయవాడ, గుంటూరు మధ్య రోజూ తిరిగే బండ్లలో డీజిల్ తాగేవి చాలావరకు చక్రాల దగ్గర, కూలెంట్ పైపుల దగ్గర, డ్రైవరు కుడికాలి కింద ఉంటాయి. అవి తక్కువ ఖర్చులో తేలిపోతాయి కాబట్టి వాటితోనే మొదలుపెట్టండి.

ముందు లెక్క

డ్యాష్‌బోర్డు చూపించే సగటును పక్కన పెట్టండి. నాజిల్ దానంతట అది కట్ అయ్యేదాకా ట్యాంకు ఫుల్ చేయించి, మీటర్ రీడింగ్ రాసుకోండి. కట్ అయ్యాక ఇంకొంచెం పోయించొద్దు. మూతి దాకా నింపితే నురుగు వల్ల ఒక్కోసారి ఒక్కోలా పడుతుంది. కనీసం 350 నుంచి 400 కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, అదే పంపు దగ్గర మళ్లీ కట్ అయ్యేదాకా కొట్టించండి. 412 కిలోమీటర్లకు 31.2 లీటర్లు పడితే లీటరుకు 13.2 వచ్చినట్టు. ఒక్క ట్యాంకు చూసి ఏ నిర్ణయానికీ రావద్దు, మూడింటి సగటు తీయండి. పక్కనే ఖాళీగా తిరిగిందా, లోడుతోనా, ఏసీ వేశారా అన్నదీ రాయండి. ఒకేసారి నాలుగు పనులు చేయిస్తే దేనివల్ల ఫలితం వచ్చిందో తెలియదు. అందుకే ఒక్కో మార్పు చేసి ఒక్కో లెక్క చూసుకోవాలి.

కంపెనీ సైజు కాకుండా పెద్ద టైర్లు వేయించిన బండైతే ఇంకో చిక్కు ఉంది. టైరు చుట్టుకొలత 3 శాతం పెరిగితే, బండి 103 కిలోమీటర్లు నడిచినా మీటరు 100 అనే చూపిస్తుంది. మైలేజీ తగ్గిందని కంగారు పడేవాళ్లలో కొందరి సంగతి ఇదే. ఇక తెల్లవారుజామున కొట్టిస్తే డీజిల్ ఎక్కువ వస్తుందన్న మాట పట్టించుకోనక్కర్లేదు. బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది, దాని వేడి పొద్దున్నుంచి సాయంత్రానికి పెద్దగా మారదు.

ఈ శ్రమంతా ఎందుకంటే, రోజుకు 70 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 రోజులు తిరిగే బండి లీటరుకు 12 నుంచి 13.5కి వచ్చిందనుకోండి, నెలకు 16 లీటర్లు మిగులుతాయి.

చక్రం తేలిగ్గా తిరుగుతోందా

గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. రాత్రంతా ఆగిన టైరులోని గాలే అసలు లెక్క. హైవే మీద అరగంట నడిచాక 4 నుంచి 6 పీఎస్ఐ పెరిగి కనిపిస్తుంది. మే నెల ఎండలో ఇంకా ఎక్కువే చూపిస్తుంది. ఆ పెరిగింది చూసి గాలి తీయించేస్తే మర్నాడు పొద్దునకు టైరు మెత్తబడి ఉంటుంది. చాలామంది చేసే పొరపాటు ఇదే. పంక్చర్ షాపు దాకా వెళ్లేసరికి టైరు వేడెక్కుతుంది కాబట్టి సొంతంగా ఒక గేజీ కొనిపెట్టుకోవడం మంచిది. నాలుగు టైర్లలో సగటున 5 పీఎస్ఐ తగ్గితే దాదాపు ఒక శాతం ఇంధనం అదనంగా పోతుంది. అంచులు త్వరగా అరిగిపోవడం దానికి తోడు.

ఎంత పెట్టాలన్నది డ్రైవర్ డోరు తీస్తే కనిపించే స్టిక్కర్ మీదో, మాన్యువల్‌లోనో ఉంటుంది. టైరు పక్కన అచ్చువేసిన అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, మీ బండికి పెట్టాల్సింది కాదు. పికప్‌కు ముందు చక్రాలకు ఒక అంకె, వెనక చక్రాలకు ఒకటి, మళ్లీ ఖాళీకి, లోడుకి వేరువేరుగా ఉంటాయి. మిర్చి సీజన్‌లో యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీకి 20 టిక్కీలు (మిర్చి బస్తాలు) వేసుకెళ్లే బండి వెనక 800, 900 కిలోలు మోస్తుంది. దానికి లోడు అంకె కావాలి. అదే బండిని సీజన్ అయ్యాక ఇంటికీ షాపుకీ తిప్పుతూ లోడు గాలితోనే ఉంచితే వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది, వానలో బ్రేకు కొడితే జారుతుంది, టైరు నడిమధ్య అరుగుతుంది. నైట్రోజన్ వల్ల మైలేజీ పెరగదు. గాలి కాస్త నిదానంగా తగ్గుతుంది, అంతే.

ముందు టైర్ల గుండీల మీద అరచేతిని లోపలి నుంచి బయటికి, తర్వాత బయటి నుంచి లోపలికి రాయండి. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు రంపపు పళ్లలా గీసుకుంటే టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పింది, అలైన్‌మెంట్ చేయించాలి. దానికి ముందు స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లలో ఆట లేదని చూసుకోండి. అవి వదులుగా ఉంటే చేయించిన అలైన్‌మెంట్ ఎక్కువ రోజులు నిలవదు.

అన్నిటికంటే కనిపించని శత్రువు పట్టేసిన బ్రేకు. బ్రేకు తక్కువగా వాడుతూ ఓ పది కిలోమీటర్లు నడిపి ఆపండి. ఒక్కో చక్రం మధ్యభాగానికి అరచేతిని దగ్గరగా పెట్టి చూడండి, తాకొద్దు. ఎడమ, కుడి చక్రాల్లో ఒకటి బాగా సెగ కొడుతుంటే అక్కడ బ్రేకు వదలడం లేదు. బండి చల్లారాక చదునైన చోట మిగతా చక్రాలకు అడ్డుకట్టలు వేసి, స్టాండు మీదకు ఎత్తి, న్యూట్రల్‌లో హ్యాండ్ బ్రేకు దించి చేత్తో తిప్పండి. వెనక చక్రం డిఫరెన్షియల్ వల్ల ముందు చక్రమంత వదులుగా తిరగదు కాబట్టి రెండు పక్కలా పోల్చి చూడాలి. ముందు డిస్కు అయితే చాలాసార్లు కాలిపర్ పిన్నులు ఎండిపోయి ఉంటాయి. తీసి శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు పెట్టించండి. మామూలు గ్రీజు పూస్తే రబ్బరు తొడుగులు ఉబ్బి మళ్లీ పట్టేస్తాయి. వెనక డ్రమ్ముల్లో షూ సెట్టింగ్ మరీ బిగుతుగా ఉండటం, వానాకాలం తర్వాత హ్యాండ్ బ్రేకు కేబుల్ తుప్పుపట్టి వెనక్కి రాకపోవడం మామూలుగా కనిపించే లోపాలు.

ఇంజన్ చల్లగా ఉంటే లాభం కాదు

మన దగ్గర ఎండలు ఎక్కువ కాబట్టి థర్మోస్టాట్ తీసేస్తే ఇంజన్ చల్లగా ఉంటుందని పీకేయించుకునేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయించొద్దు. థర్మోస్టాట్ మామూలుగా 82 నుంచి 88 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది, అప్పటిదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వదు. అది లేకపోతే హైవే గాలికి ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, ఆయిల్ చిక్కగానే ఉంటుంది, ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ఆ లెక్కలోనే డీజిల్ కొడుతూ ఉంటుంది. కొన్ని ఇంజన్లలో బైపాస్ దారి మూసుకోక, కూలెంట్ రేడియేటర్‌కు సరిగా వెళ్లక, ట్రాఫిక్‌లో ఎక్కువ వేడెక్కుతుంది కూడా. పావుగంట నడిపినా టెంపరేచర్ ముల్లు మధ్యకు రాలేదంటే థర్మోస్టాట్ లేనట్టు, లేదా తెరుచుకుని ఇరుక్కుపోయినట్టు. కంపెనీ డిగ్రీలదే కొత్తది వేయించండి, కూలెంట్‌కు బదులు బోరు నీళ్లు పోయొద్దు.

బెల్టుతో తిరిగే ఫ్యాన్ ఉంటే దాని క్లచ్ కూడా చూడండి. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు హోరుమని తర్వాత తగ్గితే బాగున్నట్టే. రోజంతా రేస్ చేసినప్పుడల్లా హోరుమంటుంటే అది బిగుసుకుపోయి ఇంజన్ బలాన్ని తినేస్తోంది.

బీఎస్-6 బండి, డీపీఎఫ్

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన డీజిల్ బండికి డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉంటే, అందులో చేరిన మసిని బండే అప్పుడప్పుడు కాల్చుకుంటుంది. దానికి అదనంగా డీజిల్ పడుతుంది. బీసెంట్ రోడ్డు చుట్టూ రెండేసి కిలోమీటర్ల ట్రిప్పులు కొట్టి ప్రతిసారీ మధ్యలో ఆపేస్తే, ఆ కాల్చే పని సగంలో ఆగి మళ్లీ మొదటికొస్తుంది. ఐడ్లింగ్ కాస్త పెరిగి, ఫ్యాన్ తిరుగుతూ, వేడి వాసన వస్తుంటే ఇంజన్ ఆపొద్దు. హైవే ఎక్కి 15, 20 నిమిషాలు ఆపకుండా నడపండి. ఇంజన్ ఆయిల్ కూడా డీపీఎఫ్‌కు పనికొచ్చే తక్కువ బూడిద రకం, మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించాలి. ఎండాకాలమని 20డబ్ల్యూ-50 పోయిస్తే చిక్కదనం వల్లా నష్టమే, ఫిల్టర్‌కూ నష్టమే. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తనంతట తను పెరుగుతుంటే డీజిల్ అందులో కలుస్తోందని అర్థం, మార్పించండి.

నడిపే తీరు

డీజిల్ ఇంజన్‌కు 1800 నుంచి 2200 ఆర్పీఎం మధ్య గేరు మార్చడం సరిపోతుంది. పై గేరులో ఇంజన్ గొణుగుతుంటే మాత్రం కింది గేరు వేయాల్సిందే. కనకదుర్గ ఫ్లైఓవర్, బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే ఆదా అనుకోవడం పొరపాటు. న్యూట్రల్‌లో ఇంజన్ తిరగడానికి డీజిల్ పడుతూనే ఉంటుంది. గేరులో ఉంచి కాలు తీస్తే ఇంజెక్షన్ పూర్తిగా ఆగిపోతుంది, బండి మన అదుపులోనూ ఉంటుంది. కాజ టోల్ కనిపించగానే కూడా అంతే, దూరం నుంచే కాలు తీసేయండి.

వేగం సంగతి లెక్కతోనే చెప్పాలి. 90 నుంచి 75కి తగ్గితే గాలి అడ్డు దాదాపు 30 శాతం తగ్గుతుంది. 30 కిలోమీటర్ల హైవేకు అదనంగా పట్టేది 4 నిమిషాలు. పికప్ ముఖం వెడల్పు కాబట్టి ఇది కారు కంటే పికప్‌కే ఎక్కువ పనిచేస్తుంది. వెనక డోరు దించి నడిపితే గాలి సాఫీగా పోతుందంటారు, అది నిజం కాదు. డోరు వేసి ఉంటేనే బాడీలో గాలి సుడి తిరిగి నిలబడి, పై గాలి దాని మీదుగా జారిపోతుంది. పట్టా రెపరెపలాడకుండా తాడు బిగించండి. వాడని ఇనుప కడ్డీలు, పాత టైరు దించేయండి. ముందు బుల్ గార్డ్ ఉంటే అదీ తీసేయండి. దాని బరువు దండగ, పైగా అది నిబంధనలకు విరుద్ధమని 2017లోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది.

క్లచ్ మీద కాలు ఆనించి నడపొద్దు. అనుమానం ఉంటే ఖాళీ రోడ్డులో నాలుగో గేరులో 40 దగ్గర యాక్సిలరేటర్ ఒక్కసారి పూర్తిగా తొక్కండి. వేగం పెరగకుండా ఆర్పీఎం ఒక్కటే లేస్తే ప్లేటు జారుతోంది.

ఇవన్నీ సరిచేసినా లెక్క మారకపోతే

అప్పుడు ఆటోనగర్ దారి పట్టండి. ముందు ఎయిర్ ఫిల్టర్, తర్వాత ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే గొట్టాలు చూపించండి. గొట్టం అతుకు దగ్గర ఆయిల్ తడి, తొక్కినప్పుడు ఈల లాంటి చప్పుడు, నల్ల పొగ ఉంటే గాలి అక్కడే కారిపోతోంది. ట్యాంకులో పోసే మందులకూ, డీజిల్ పైపుకు కట్టే అయస్కాంతాలకూ డబ్బు పెట్టొద్దు. ఇంజెక్టర్లు తీయిస్తే అన్నీ టెస్టింగ్ బెంచ్ మీద పెట్టించి, రిటర్న్ డీజిల్ (ఇంజెక్టర్ నుంచి వెనక్కి పోయే డీజిల్) ఒక్కోదానికి ఎంత వస్తోందో చూపించమనండి. మిగతావాటి కంటే ఎక్కువ వదిలేదే చెడిందని తేలుతుంది. కొత్తది వేశాక దాని మీద ఉన్న కోడ్‌ను స్కానర్‌తో ఈసీయూలో ఎక్కించారో లేదో దగ్గరుండి చూసుకోండి. కోడ్ ఎక్కించకపోతే కొత్త ఇంజెక్టర్ కూడా కొలత తప్పి డీజిల్ కొడుతుంది.