సేల్ ముందు ట్రినో కేటలాగ్ మీద చెయ్యి వేసేవాళ్లకి

మొన్న సాయంత్రం మా ఆర్డర్ల స్క్రీన్ ఇరవై నిమిషాలు పడుకుంది. లాగ్ నిండా ఒకటే లైను: "సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్‌రెడీ", అంటే డేటాబేస్ కనెక్షన్లన్నీ నిండిపోయాయి. యాప్ తప్పేం లేదు. కుబర్నెటీస్‌లో (కంటైనర్లను నడిపే సిస్టమ్) కొత్తగా లేపిన ట్రినో (రకరకాల డేటాబేస్‌లను ఒకే చోట నుంచి క్వెరీ చేసే ఇంజిన్), పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ప్రైమరీకి (యాప్ రాసే అసలు సర్వర్) నేరుగా తగులుకుని ఉంది, అదీ యాప్ వాడే యూజర్‌తోనే. ట్రినో ఏ డేటాబేస్‌కి ఎలా కనెక్ట్ అవ్వాలో చెప్పే సెట్టింగ్ ఫైలే కేటలాగ్. దసరా సేల్ దగ్గర పడింది కాబట్టి రాస్తున్నా. హెల్మ్ చార్ట్ (కుబర్నెటీస్ ఇన్‌స్టాల్ ప్యాకేజీ) ఎక్కించడం మీకు తెలిసిందే, వదిలేద్దాం.

ప్రైమరీకి కట్టకండి. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్‌గా ఇచ్చేది 100 కనెక్షన్లు, అందులో 3 సూపర్‌యూజర్‌వి. ట్రినో మామూలుగా టేబుల్‌కో కనెక్షన్ తెరుస్తుంది, చదవడం అయ్యేదాకా వదలదు. డ్యాష్‌బోర్డులో పన్నెండు చార్టులు, ఒక్కోదాని వెనక మూడు టేబుళ్లు, ఎవరో రిఫ్రెష్ కొట్టారు: 36 పోయాయి. పక్క సీటాయన కూడా కొట్టాడనుకోండి, ఇక లెక్క మీరే వేసుకోండి.

రీడ్ రెప్లికాకే (ప్రైమరీకి చదవడానికి మాత్రమే ఉన్న నకలు సర్వర్) కట్టండి. ట్రినోకి విడిగా ఒక రోల్ (డేటాబేస్ యూజర్) ఇవ్వండి, చదివే హక్కు మాత్రమే, కనెక్షన్ లిమిట్ 20, మరీ ఎక్కువసేపు నడిచే క్వెరీని ఆపేసే స్టేట్‌మెంట్ టైమవుట్ కూడా. రెప్లికాలో పెద్ద క్వెరీలు మధ్యలో తెగిపోతుంటే హాట్ స్టాండ్‌బై ఫీడ్‌బ్యాక్ (రెప్లికా ఇంకా చదువుతున్న వరుసలను తీయొద్దని ప్రైమరీకి చెప్పే సెట్టింగ్) ఆన్ చేసేయమని సలహా ఇస్తారు, కానీ దాంతో ప్రైమరీలో వాక్యూమ్ (చెత్త తీసే పని) పాత వరుసలను తీయలేక టేబుళ్లు ఉబ్బుతాయి, అంటే తిరిగి ప్రైమరీ నెత్తినే.

లోకల్‌హోస్ట్ అని రాయకండి, పాడ్ (కుబర్నెటీస్‌లో కంటైనర్ నడిచే యూనిట్) లోపల అది ఆ పాడే. పాస్‌వర్డ్ కాన్ఫిగ్‌మ్యాప్‌లో (కుబర్నెటీస్‌లో మామూలు సెట్టింగులు ఉండే చోటు) పెట్టకండి, సీక్రెట్‌లో (పాస్‌వర్డ్‌ల చోటు) పెట్టండి. సీక్రెట్ నుంచి వచ్చే వేరియబుల్ కోఆర్డినేటర్‌కే (క్వెరీని పంచే ట్రినో పాడ్) ఇచ్చి వర్కర్లకి (ఆ పని చేసే పాడ్లు) మర్చిపోతే వర్కర్లు లేవవు. కేటలాగ్ మార్చాక పాడ్లు రీస్టార్ట్ చేయండి, పగలు కాదు. కేటలాగ్‌లో మైఎస్‌క్యూఎల్ కనెక్షన్ యూఆర్‌ఎల్ చివర డేటాబేస్ పేరు తగిలించకండి. పోస్ట్‌గ్రెస్ టేబుల్ నెమ్మదిగా వస్తోందని వర్కర్లను పెంచకండి, దాన్ని చదివేది ఒక్క స్ప్లిట్టే (పని ముక్క), అది ఒక్క వర్కర్‌కే వెళ్తుంది. తేదీని వార్‌చార్‌లో (టెక్స్ట్‌గా) దాచిన టేబుల్ మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని అడిగితే ఆ ఫిల్టర్ డిఫాల్ట్‌గా డేటాబేస్ దాకా వెళ్లదు, టేబుల్ మొత్తం ఈడ్చుకొస్తుంది. హీప్‌ని (జావా మెమరీ) కంటైనర్ మెమరీ లిమిట్‌తో సమానం చేయకండి, మెమరీ చాలక 137 కోడ్‌తో చస్తుంది. ప్రైమరీకి కట్టకండి, పది నిమిషాల టెస్ట్‌కైనా సరే.

"మేం రెప్లికాకే కట్టాం" అంటారా? మేమూ అదే అన్నాం. హోస్ట్ పేరులో "రీడ్" అనే ఉంది, ఆ సర్వీసు వెనకున్న అడ్రస్ మాత్రం ప్రైమరీది. ఈరోజే అదే కుబర్నెటీస్ క్లస్టర్‌లోంచి మీ కేటలాగ్‌లో ఉన్న హోస్ట్‌కి కనెక్ట్ అయ్యి పీజీ ఈజ్ ఇన్ రికవరీ ఫంక్షన్ నడపండి. ట్రూ రావాలి, అంటే అది రెప్లికా. ఫాల్స్ వస్తే ఆ కేటలాగ్ ఇప్పుడే తీసేయండి.