రుచి పాఠాలు – 6: పండు వేసిన గాఢమైన ఏల్

పోయిన పాఠంలో మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తీపినీ హాప్స్ (బీరులో వేసే ఒక తీగ పూలు) చేదునూ విడివిడిగా పట్టుకోవడం సాధన చేశాం. ఈసారి ఆ రెండింటి మధ్యకు పండు వచ్చి చేరుతుంది. తెలంగాణలో మద్యానికి చట్టం పెట్టిన వయసు 21 ఏళ్ళు. అది నిండనివారు ఈ పాఠంలో పండ్ల సాధన వరకు చేసి ఆగండి.

మన వైన్ షాపుల్లో స్ట్రాంగ్ బీరు అని అమ్మేది చాలావరకు లాగరే, అంటే చల్లగా నెమ్మదిగా పులియబెట్టే బీరు. కాస్త వెచ్చగా పులియబెట్టేది ఏల్. 2018 నాటి ఆహార భద్రతా నిబంధనల్లో 5 శాతం దాటి 8 శాతం వరకు ఆల్కహాల్ ఉంటే స్ట్రాంగ్ అన్నారు. బెల్జియం, ఇంగ్లండ్ సంప్రదాయాల్లోని గాఢమైన ఏల్ 8 నుంచి 12 శాతం దాకా వెళ్తుంది. 9 శాతం ఉన్న 330 మి.లీ. సీసాలో దాదాపు 30 మి.లీ. అసలు ఆల్కహాల్ ఉంటుంది. 42.8 శాతం విస్కీ పెద్ద పెగ్గులో, అంటే 60 మి.లీ.లో, ఉండేది 26 మి.లీ. లోపే. కాబట్టి సీసాను ముగ్గురు పంచుకోండి, బండి తీయకండి. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ దాటితే కేసే. ఒక్కరే సీసా మొత్తం తాగితే ఆ గీత దాటవచ్చు.

గచ్చిబౌలిలోనో జూబ్లీహిల్స్‌లోనో అక్కడికక్కడే బీరు కాచే చోటికి వెళ్తే, ఏ పండు వేశారని అడిగేముందు ఎంత శాతమో అడగండి. 5 దరిదాపుల్లో చెప్తే అది ఈ పాఠానికి పనికిరాదు. పండురసంలో ఎక్కువ భాగం నీళ్ళూ చక్కెరే. చక్కెరంతా పులిసిపోయాక తేలికపాటి బీరు ఇంకా పలచబడుతుంది. గాఢమైన ఏల్‌లో బార్లీ మాల్ట్ ఎక్కువ కాబట్టి పండు పులుపును అది మోయగలదు.

ఇప్పుడు అసలు విషయం. “మామిడి వేశామన్నారు, తీపే లేదు” అని మొదటి గుటకకే గ్లాసు పక్కన పెట్టేవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళు వెతికేది అందులో ఉండదు. పండులోని చక్కెరను ఈస్ట్ (బీరును పులియబెట్టే సూక్ష్మజీవి) తినేసి ఆల్కహాల్‌గా మార్చేస్తుంది. మిగిలేవి పులుపు, తొక్క వగరు, రంగు, వాసన. నాలుకకు తగిలే తీపి చాలావరకు మాల్ట్‌ది. పండును వాసనలోనూ పులుపులోనూ వగరులోనూ వెతకాలి. దానికి ముందుగా పండ్లతోనే సాధన చేద్దాం.

మృగశిర వచ్చేనాటికి మామిడి ఇంకా ఉంటుంది, నేరేడు దిగుతుంది. మెహిదీపట్నం రైతుబజార్లో రెండూ దొరుకుతాయి. బంగినపల్లి ముక్క ఒకటి ముక్కు మూసుకుని నమలండి. తీపి, కాస్త పులుపు తప్ప ఏమీ తెలియదు. మింగకముందే ముక్కు వదిలితే అప్పుడొస్తుంది మామిడి! గొంతు వెనకనుంచి ముక్కులోకి ఎక్కే ఆ వాసననే మనం రుచి అనుకుంటాం. తర్వాత నేరేడు తినండి. నాలుకా చిగుళ్ళూ బిగుసుకుంటాయి కదా, అదే వగరు. చివరగా చింతపండు నీళ్ళు ఒక చెంచా చప్పరించండి. చింతపండులోనూ ద్రాక్షలోనూ ప్రధానమైన పులుపు టార్టారిక్ ఆమ్లమే. రేపు ద్రాక్ష వేసిన ఏల్ ఎదురైతే మీ నాలుకకు ఆ పులుపు కొత్తేమీ కాదు.

ఇందులో ఒక చిక్కుంది. పండు వేయకపోయినా ఏల్‌లో పండు వాసన రావచ్చు. అరటిపండు వాసనకు కారణమైన ఐసోఅమైల్ ఎసిటేట్‌ను ఈస్ట్ తానే తయారుచేస్తుంది. బెల్జియం నల్లని ఏల్స్‌లో వచ్చే ఎండుద్రాక్ష, అంజీర వాసన నల్ల మాల్ట్, ముదురు చక్కెర పాకం, ఈస్ట్ కలిసి పుట్టించేది. మరి నిజంగా పండు వేశారని ఎలా తెలుస్తుంది? మింగాక చూడండి. వాసన ఒక్కటే వచ్చి పోతే అది బహుశా ఈస్ట్ పని. వెంట పులుపు నిలిచి, అంచుల్లో వగరు తగిలితే పండు ఉన్నట్టే. ఉడికిన జామ్ వాసన వస్తే, పులియబెట్టకముందు మాల్ట్ నీళ్ళు మరుగుతున్నప్పుడే పండు వేశారేమోనని అనుమానించండి. తొలి పులియుడు ముగిశాక వేస్తే పచ్చి పండు పరిమళం నిలుస్తుంది. నాకు ఎప్పుడూ నచ్చేది ఆ రెండోదే.

తాగేరోజు మిర్చి బజ్జీ, సాలన్ దగ్గరికి వెళ్ళకండి. కారం మంటను పట్టే గ్రాహకాన్నే ఆల్కహాల్ కూడా తడుతుంది. ముందే నోరు మండుతుంటే ఏల్ ఘాటు ఎంతో తేల్చలేరు. మరమరాలు, మంచినీళ్ళు చాలు. సీసాను ఫ్రిజ్‌లోంచి తీసి, ఎండాకాలమైతే పావుగంట బయట ఉంచండి. 10 నుంచి 13 డిగ్రీలు సరైన చలువ. అంతకన్నా చల్లగా ఉంటే వాసన పైకి లేవదు. పొట్ట వెడల్పు, మూతి ఇరుకు ఉన్న బ్రాందీ గ్లాసులో మూడోవంతే పోయండి. అడుగున మడ్డి ఉంటే దాన్ని సీసాలోనే వదిలేయండి.

మొదట వాసన, చిన్నగా రెండుసార్లు. గోళ్ళ రంగు తుడిచే ద్రవం వాసన కొడితే అది లోపం. తర్వాత చిన్న గుటక, నోరంతా తిప్పి, మింగాక ముక్కుతో ఊపిరి వదలండి. తోచింది వెంటనే రాసుకోండి. రేగి, వాక్కాయ, సీతాఫలం, ఏది గుర్తొస్తే అదే రాయండి. ఎప్పుడూ తినని విదేశీ పండు పేరు అరువు తెచ్చుకుని రాస్తే, రేపు ఆ కాగితం మీకే పనికిరాదు. గ్లాసు వెచ్చబడేకొద్దీ మళ్ళీ చూడండి. పదినిమిషాల తర్వాత పండు ముందుకొస్తుందో ఆల్కహాల్ ముందుకొస్తుందో రాయండి. మంచి ఏల్‌లో పండే ముందుకొస్తుంది.

వచ్చే పాఠం బ్రస్సెల్స్ పరిసరాల్లో గాలిలోని ఈస్ట్‌తో పులిసే లాంబిక్, అందులో పుల్లని చెర్రీలు నానబెట్టే క్రీక్ గురించి. ముందురోజు రాత్రి ఒక కప్పు పెరుగు బయటపెట్టి బాగా పులియనివ్వండి. ఒక చెంచా వెనిగర్ కూడా కావాలి.