చిన్న వీడియోలు, సొంత ప్రేక్షకులు – 5వ పాఠం: మొదట్లో ఇచ్చిన మాట

ఈసారి కామెంట్లకు జవాబుగా వీడియోలు చేయడం నేర్చుకోవాల్సింది. అది చివర్లో కాస్త వస్తుంది. ముందు నాలుగో పాఠం తర్వాత మీరు పంపిన వీడియోలు, వాటిని ఏ సెకను దాకా ఎంతమంది చూశారో చూపే గ్రాఫుల సంగతి తేల్చుకుందాం. వాటిలో చాలావరకు ఒకే చోట దెబ్బతిన్నాయి.

నాలుగో పాఠంలో మొదటి రెండు సెకన్ల గురించి మాట్లాడుకున్నాం. చూసేవారి వేలు స్క్రీన్ మీదే ఉంటుంది, ఆగడానికి కారణం దొరక్కపోతే పైకి తోసేసి వెళ్లిపోతారు అనుకున్నాం. ఆ మాట అందరికీ గట్టిగానే ఎక్కింది. కానీ వచ్చిన వీడియోలన్నీ దాదాపు మూడు రకాలుగానే మొదలయ్యాయి: 'ఒక్క నిమిషం ఆగండి!', 'ఈ తప్పు మీరూ చేస్తున్నారా?', 'చివరి వరకు చూడకపోతే నష్టపోతారు'. గిటార్ నేర్పేవారూ అదే, ఎక్సెల్ చెప్పేవారూ అదే, పెన్సిల్ బొమ్మలు వేసేవారూ అదే. గిటార్ వీడియో మొదటి వాక్యాన్ని కోసి ఎక్సెల్ వీడియోకి అతికించినా ఎవరూ కనిపెట్టలేరు. అలాంటి వాక్యం ఆ వీడియో గురించి ఏమీ చెప్పడం లేదన్నమాట.

గ్రాఫులో జరిగింది చూడండి. ఇంతకుముందు గీత మొదటి సెకనులోనే పడిపోయేది. ఇప్పుడు మూడు సెకన్లు నిలబడి, నాలుగో సెకను దగ్గర నిట్టనిలువుగా దిగుతోంది. అంటే జనం ఆగారు, విందామనే ఆగారు. అప్పుడు మనం చెప్పాల్సింది చెప్పలేదు. మొదట్లోనే వెళ్లిపోయినవాళ్లకు మన మీద ఏ అభిప్రాయమూ ఉండదు. ఆగి, విసుగొచ్చి వెళ్లినవాళ్లకు ఉంటుంది.

'అయినా వ్యూస్ పెరిగాయండీ' అని కొందరు రాశారు. యూట్యూబ్ షార్ట్స్‌లో వ్యూస్ లెక్క 2025 మార్చి 31 నుంచి మారింది. వీడియో ప్లే కావడం మొదలైతే చాలు, ఒక వ్యూ. మళ్లీ మొదటి నుంచి ఆడితే ఇంకొకటి. ఇన్ని సెకన్లు చూడాలన్న నియమం లేదు. పాత పద్ధతి లెక్క 'ఎంగేజ్‌డ్ వ్యూస్' అనే పేరుతో అనలిటిక్స్‌లో ఉంది. నేను చూసేది అదీ, ఎంతమంది ఆగారు, ఎంతమంది తోసేసి వెళ్లారు అనే శాతమూ. పైన పెద్దగా కనిపించే అంకెను నేను పట్టించుకోను, మీరూ పట్టించుకోకండి.

వచ్చినవాటిలో ఒక వీడియోను విప్పి చూద్దాం. సైకిల్ రిపేర్లు చెప్పే ఒకరిది, 41 సెకన్లు. మొదటి రెండు సెకన్లు తుప్పు పట్టిన చైన్, 'ఈ తప్పు చేస్తే మీ సైకిల్ పని అయిపోయినట్టే!' అని గొంతు. తర్వాత మూడు సెకన్లు ఛానెల్ లోగో, మ్యూజిక్. ఆ తర్వాత 'హాయ్ ఫ్రెండ్స్, మన ఛానెల్‌కి స్వాగతం, చాలామంది అడుగుతున్నారు కాబట్టి...' అంటూ 11వ సెకను వరకు. అక్కడి నుంచి సైకిల్‌కి చైన్ ఎంత ముఖ్యమో. అసలు విషయం 24వ సెకనులో వచ్చింది: ఆయిల్ వేశాక ఎక్కువైన ఆయిల్‌ని పొడి గుడ్డతో తుడిచేయాలి, లేకపోతే దానికి దుమ్ము అంటుకుంటుంది. చాలా మంచి విషయం. తెలియక చాలామంది చైన్ పాడుచేసుకుంటారు. ఇంత మంచి విషయం వీడియోలో సగం దాటాక గానీ బయటికి రాలేదు.

నేనైతే దాన్ని ఇలా తీస్తాను. మొదటి ఫ్రేములోనే ఒక చెయ్యి గుడ్డతో చైన్‌ని పట్టుకుని ఉంటుంది, రెండో చెయ్యి పెడల్‌ని వెనక్కి తిప్పుతుంటుంది, గుడ్డ నల్లబడుతుంటుంది. గొంతు: 'చైన్‌కి ఆయిల్ వేశాక ఇలా తుడవకపోతే, ఆ ఆయిల్‌కే దుమ్ము అంటుకుంటుంది. ఆయిల్ కావాల్సింది లింకుల లోపల, పిన్నుల దగ్గర. పైన మిగిలింది మట్టిని పట్టి ఉంచుతుంది, అంతే. పొడి గుడ్డతో పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పండి. వేళ్లు పళ్ల చక్రానికి దూరంగా ఉంచండి. గుడ్డ నల్లబడ్డ చోట మడిచి, శుభ్రమైన చోటుతో మళ్లీ పట్టుకోండి. చివర్లో వేలితో తాకి చూడండి, ఆయిల్ తడిగా అంటుతుంటే ఇంకాసేపు తుడవాలి.' ఇక్కడితో వీడియో ఆపేస్తాను. పాతదానిలో సగానికి కాస్త ఎక్కువ నిడివి అవుతుంది, అంతే.

ఇది చూడగానే మీకు వచ్చే అనుమానం నాకు తెలుసు. 'జవాబు మొదటి వాక్యంలోనే చెప్పేస్తే ఇంకెందుకు చూస్తారు?' ఏం చేయాలో తెలిసినవాళ్లకు ఎలా చేయాలో, ఎందుకు చేయాలో, ఎక్కడ ఆపాలో తెలియాలి. ఆ మూడూ తర్వాతి సెకన్లలో ఉన్నాయి. సైకిల్ ఉన్న మనిషి ఆ గుడ్డ మడతని చూడటానికి ఆగుతాడు. సైకిల్ లేనివాళ్లు వెళ్లిపోతారు, వెళ్లనివ్వండి. వాళ్లను పట్టుకోవడానికి మీరు అరిచారు కాబట్టే సైకిల్ ఉన్నవాళ్లు విసుగెత్తి వెళ్లారు.

స్క్రిప్టు రాసేటప్పుడు నాకో అలవాటు ఉంది. చివరి వాక్యం ముందు రాస్తాను. 'వేలితో తాకి చూడండి' అన్నది రాసుకున్నాక, అక్కడికి చేరడానికి తప్పనిసరిగా కావాల్సిన వాక్యాలు మాత్రమే వెనక్కి రాసుకుంటూ వస్తాను. అలా వెనక్కి వస్తే చివరికి మిగిలేదే మొదటి వాక్యం. స్వాగతాలు, పరిచయాలు ఈ దారిలో ఎక్కడా తగలవు. ఇంకో సంగతి, మాట్లాడే వీడియోల కింద నేను పాట పెట్టను. ట్రెండింగ్‌లో ఉన్న పాట పెడితే రీచ్ వస్తుందని అడుగుతూనే ఉన్నారు. మీ మాట వినడానికి వచ్చేవాళ్లు కావాలా, పాట వినడానికి ఆగేవాళ్లు కావాలా అన్నది మీరే తేల్చుకోండి.

నిలువుగా తీయడం, వెలుతురు, మాట స్పష్టంగా వినిపించడం, ఇవి చెప్పను. అక్షరాలు మాత్రం ఫ్రేము అడుగున పెట్టకండి, అక్కడ మీ పేరూ వివరణా వస్తాయి. కుడి అంచున బటన్లు ఉంటాయి. మధ్యకు కాస్త పైన పెడితే ఏ యాప్‌లోనైనా కనిపిస్తాయి.

ఇప్పుడు, నాలుగో పాఠం చదివి మీలో కొందరు మొదలుపెట్టిన ఇంకో పని. నాకు నిజంగా బాధ కలిగించింది ఇదే. 'మిగతాది పార్ట్ 2లో, ఫాలో అవ్వండి.'

ఫాలోవర్లు పెరగాలంటే జనం మళ్లీ రావాలి, మళ్లీ రావాలంటే ఏదో మిగల్చాలి అని మీ లెక్క. కానీ ఫీడ్ ఎలా పని చేస్తుందో గుర్తు చేసుకోండి. అది ఒక్కో వీడియోను విడిగా తీసుకుని, దాన్ని ఇష్టపడతారు అనుకున్నవాళ్ల ముందు పెడుతుంది. మీ పార్ట్ 1 చూసిన మనిషికే పార్ట్ 2 చూపించాలన్న పట్టింపు దానికి లేదు. కాబట్టి పార్ట్ 2 ఎక్కువగా చేరేది పార్ట్ 1 చూడనివాళ్లకు. వాళ్లకు మొదటి ముక్క నుంచే ఏమీ అర్థం కాదు, తోసేస్తారు. పార్ట్ 1 చూసినవాళ్లకు జవాబు దొరకలేదు కాబట్టి వాళ్లలో చాలామంది అదే ప్రశ్నను వెతికి ఇంకొకరి దగ్గర పూర్తి జవాబు చూసుకుంటారు. మీరు ఆసక్తి పుట్టించారు, ప్రేక్షకుడు వేరేవాళ్లకు దక్కాడు.

ఒకరు ఎక్సెల్‌లో వీలుకప్ (VLOOKUP, పట్టికలో వెతికి విలువను తెచ్చే) ఫార్ములాకి ఎన్‌ఏ (#N/A, అంటే వెతికింది దొరకలేదు) ఎర్రర్ రావడం గురించి చేశారు. ఎర్రర్ చూపించి, 'దీనికి కారణం మీరు ఊహించనిది' అని, రేపు చెబుతానని ఆపారు. ఆఫీసులో ఆ ఎర్రర్ ముందు కూర్చుని టెన్షన్ పడుతున్న మనిషి రేపటిదాకా ఆగుతాడా? ఇంకొకరు పుషప్స్ చేసేటప్పుడు మోచేతులు ఎలా ఉండాలో చెప్పడం మొదలుపెట్టి, తప్పు భంగిమ చూపించి, సరైనది తర్వాతి వీడియోకి దాచారు. చూసినవాళ్ల కళ్లలో మిగిలింది తప్పు భంగిమే. ఫోన్‌తో ఫొటోలు తీయడం చెప్పే ఒకరు ముందూ తర్వాతా ఫొటోలు పక్కపక్కన పెట్టి, ఎలా చేశారో చెప్పకుండా ముగించారు. బొమ్మలు వేసే ఒకరైతే ఒకే ముఖాన్ని నాలుగు ముక్కలు చేశారు, ఏ ముక్కలోనూ ముఖం లేదు.

సమయం చాలలేదన్న సాకు కూడా ఇప్పుడు నిలవదు. షార్ట్స్ 2024 అక్టోబర్ 15 నుంచి మూడు నిమిషాల వరకు ఉండొచ్చు. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌కీ 2025 జనవరిలో మూడు నిమిషాలు ఇచ్చారు. మూడు నిమిషాల్లో ఇమడని విషయమైతే అది పెద్ద వీడియో చేయాల్సిన విషయం. అప్పుడు షార్ట్‌లో ఒక పూర్తి ముక్క చెప్పి, 'రిలేటెడ్ వీడియో' అనే చోట పెద్దదాన్ని తగిలించండి. షార్ట్స్ కామెంట్లలో, వివరణలో పెట్టే లింకులు 2023 ఆగస్టు 31 నుంచి నొక్కితే తెరుచుకోవు. అక్కడ పెట్టి 'లింక్ కింద ఉంది' అనడం అనవసరం.

ఇంకో కోణం. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో ర్యాంకింగ్‌కు, అంటే ఏ వీడియో ఎవరికి చూపాలో తేల్చడానికి, అన్నిటికన్నా ముఖ్యమైనవి మూడని చెప్పారు: చూసిన సమయం, చేరినవాళ్లలో ఎంతమంది లైక్ చేశారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు. మిమ్మల్ని ఇంకా ఫాలో కానివాళ్లకు చేరడంలో ఈ పంపడమే ఎక్కువ పనిచేస్తుంది. సగం జవాబును స్నేహితుడికి ఎవరు పంపుతారు? 'నీకు వచ్చే ఎర్రర్ ఇదే, చూడు' అని పంపాలంటే అందులో పరిష్కారం ఉండాలి.

సిరీస్ చేయొద్దని నేను అనడం లేదు. సిరీస్ లేకుండా ప్రేక్షకులు నిలవరు కూడా. అదే వీలుకప్ ఎర్రర్‌ని తీసుకోండి. ఒక వీడియోలో, సెల్‌లో కనిపించని ఖాళీలు ఉండటం, ట్రిమ్ (TRIM) ఫార్ములాతో వాటిని తీసేయడం. ఇంకో వీడియోలో, అంకెలు టెక్స్ట్‌గా నిల్వ అయి ఉండటం, వాటిని మార్చుకోవడం. రెండూ ఒకే ఎర్రర్ గురించే. ఏది ముందు చూసినా పని జరుగుతుంది. మొదటిది చూసి సమస్య తీరినవాళ్లు ప్రొఫైల్ తెరుస్తారు, అక్కడ అలాంటివే ఇంకో పది కనిపిస్తే ఫాలో నొక్కుతారు. వాళ్లను మీరు అడగాల్సిన పని ఉండదు. అందుకే ప్రొఫైల్ తెరవగానే కనిపించే వీడియోలు ఒకే రకం అవసరాన్ని తీర్చేవిగా ఉండాలి. ఎక్సెల్ మధ్యలో మీ ప్రయాణం వీడియో ఉంటే, అది ఎంత బాగున్నా వచ్చినవాళ్లు తికమకపడతారు.

'నువ్వు నన్ను ఫాలో అవ్వు, నేను నిన్ను ఫాలో అవుతా' ఒప్పందాలు మానేయండి. సబ్‌స్క్రైబర్ల మార్పిడి యూట్యూబ్ నిబంధనలకు విరుద్ధం.

కామెంట్ల సంగతి. పొగిడే కామెంట్లకు థాంక్స్ చెప్పి వదిలేయండి. వీడియోగా మార్చాల్సింది 'నా దగ్గర అది లేకపోతే?', 'నాకు అలా రాలేదే?' అన్న రెండు రకాలను. సైకిల్ వీడియో కింద 'నేను తుడిచాను, అయినా చప్పుడు వస్తోంది' అని ఒకరు రాశారు. అది తర్వాతి వీడియోకి తయారుగా ఉన్న మొదటి వాక్యం. ఆ కామెంట్‌ని తెర మీద పెట్టి, రెండో సెకనులో చైన్ మీదకు వెళ్లండి. మొదటి వీడియోని చూడనివాళ్లకూ అర్థమయ్యేలా ఒక్క వాక్యంలో సందర్భం చెప్పండి.

అభ్యాసం. ఇది ఒక సాయంత్రంలో అయ్యేది కాదు, వారం పెట్టుకోండి. మీ వీడియోల్లో గ్రాఫు బాగా పడిపోయిన మూడింటిని తీసుకోండి. ఒక్కోదానిలో పలికిన ప్రతి మాటనూ, ఏ సెకనులో పలికారో పక్కన వేసి, కాగితం మీద రాయండి. మొదటి వాక్యం ఏ మాట ఇచ్చిందో ఒక రంగుతో, ఆ మాట నెరవేరిన చోటును ఇంకో రంగుతో గీయండి. రెండో రంగు దొరక్కపోతే ఆ వీడియోని పక్కన పడేసి ఇంకోటి తీసుకోండి.

తర్వాత మూడింటికీ మూడేసి కొత్త మొదళ్లు తీయండి, మొత్తం తొమ్మిది. ఆ విషయం గురించి ఏమీ తెలియని ఒకరికి ఒక్కొక్కటీ మూడు సెకన్లు మాత్రమే చూపించి ఆపి, 'తర్వాత ఏం వస్తుంది?' అని అడగండి. బాగుందా అని అడగకండి, బాగుందనే అంటారు. వాళ్లు ఊహించింది మీ వీడియోలో నిజంగా ఉన్నదానితో కలిస్తేనే ఆ మొదలు ఉంచుకోండి. తొమ్మిదిలో ఒక్కటీ కలవకపోతే లోపం మొదటి వాక్యంలో కాకపోవచ్చు, వీడియోలో ఒకటికి మించిన విషయాలు ఉండి ఉంటాయి. అప్పుడు చివరి వాక్యం నుంచి వెనక్కి రాసుకుంటూ రండి.

మీ ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో 'ట్రయల్ రీల్స్' అనే సదుపాయం కనిపిస్తుంటే కొత్తవాటిని ముందు అక్కడ పెట్టండి, మిమ్మల్ని ఫాలో కానివాళ్లకే యాప్ ముందుగా చూపిస్తుంది. ఆరో పాఠానికి నాకు ఆ రంగులు గీసిన కాగితాల ఫొటోలు పంపండి. వ్యూస్ స్క్రీన్‌షాట్లు వద్దు.