జర్మనీ ఒపెరా హౌస్‌లో ఆడిషన్‌కు ముందు జాగ్రత్తలు

• అయిదు ఏరియాలు (ఒపెరాలో ఒక్కరే పాడే పాటలు) సిద్ధంగా ఉంచుకోండి. ఇటాలియన్, జర్మన్, ఫ్రెంచ్ మూడూ ఉండాలి, స్వరకర్త మోజార్ట్‌ది ఒకటైనా కావాలి. మొదటి పాట సాధారణంగా మీ ఇష్టం, రెండోది ఒపెరా హౌస్ వాళ్లు ఎంచుకుంటారు. అందుకే ‘ఇది అడగరులే’ అనుకుని దేన్నీ జాబితాలో పెట్టకండి.

• 1791 నాటి మోజార్ట్ ఒపెరా ‘మ్యాజిక్ ఫ్లూట్’లో రాత్రి రాణి పాట పై ఎఫ్ (చాలా ఎత్తైన స్వరం) దాకా వెళ్తుంది. ఒంట్లో నలతగా ఉన్న రోజు కూడా ఆ స్వరం అందుతుందంటేనే దాన్ని జాబితాలో రాయండి.

• పియానిస్టుకిచ్చే నొటేషన్ మీద చాలామంది శ్రద్ధ పెట్టరు, అసలు గొడవంతా అక్కడే. ఆయన మిమ్మల్ని అప్పుడే చూస్తాడు, రిహార్సల్ ఉండకపోవచ్చు. రెండు వైపులా ప్రింట్ తీసి, తేలిగ్గా తిరిగే ఫైల్లో పెట్టండి. పేజీ అడుగున చివరి లైను జిరాక్స్‌లో తెగిపోయిందేమో చూడండి. వదిలేసే భాగాలను పెన్సిల్‌తో స్పష్టంగా కొట్టేయండి. వేగం చెప్పడానికి చిటికెలు వేయకండి (పియానిస్టులకు ఒళ్లు మండుతుంది), రెండు లైన్లు మెల్లగా పాడి వినిపించండి.

• ముందు రాత్రి ఆలస్యంగా భోంచేయొద్దు, పుల్లటి తేన్పులు గొంతుకు చేటు. జలుబు మాత్రలు కొన్ని గొంతు ఆరిపోయేలా చేస్తాయి, డాక్టర్ని అడిగే వేసుకోండి.

• మైకు ఉండదు. టెన్షన్‌లో అరవకండి.